నాలుగు గంటల మందు

డాక్టర్ ఇందుజ ఆ రోజు మధ్యాహ్నం భోజనానికి కూర్చునేసరికి నాలుగున్నర దాటింది. అదేం వింత కాదు. ల్యాబులో అడుగుపెడితే ఆవిడకు ఆకలి గుర్తుండదు, వాళ్లమ్మ గుర్తుచేస్తే కోపం మాత్రం వస్తుంది.

పసిపిల్లల ఒంటి మీద పొంగే రక్తనాళాల గడ్డల మీద తొమ్మిదేళ్లుగా పరిశోధన చేస్తోంది ఆవిడ. పుట్టిన పదో రోజుకి దోమకాటంత ఎర్రచుక్క. నెల తిరిగేసరికి రేగుపండంత. మూడో నెలకి నిమ్మకాయంత. మన ఒంటి మీద దెబ్బ తగిలినప్పుడు తెగిన నాళాలు మళ్లీ మొలిచి, అతుక్కుని, పని అయిపోగానే ఆగిపోతాయి కదా, ఈ గడ్డల్లోని నాళాలకు ఆ ఆగడం తెలియదు. వాటిని ఆపే మందు ఉంది. గుండెజబ్బుకి వాడే పాత మందే. అది ఒక బిడ్డకు నెలలో పనిచేసి, మరో బిడ్డకు ఆరు నెలలైనా ఎందుకు పనిచేయదో కనిపెట్టాలని ఇందుజ పట్టు. సూరత్‌లో ఆవిడ దగ్గర ఆ మందు వాడుతున్న పిల్లలు ముప్ఫై ఒక్కమంది.

పొద్దున వాళ్లమ్మ విశాలాక్షి ఇంటి నుంచి డబ్బా పంపి, ఫోన్ చేసి మరీ చెప్పింది.

"మూడింటి లోపల తినెయ్యవే. మూడూ ఇరవైకి గ్రహణం పట్టు. ఆ తర్వాత పావుతక్కువ ఏడు దాకా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకు."

"సరేనమ్మా," అని ఫోన్ పెట్టేసింది. ఆ సరే అనడంలో ఎంత నిజముందో తల్లికీ తెలుసు, కూతురికీ తెలుసు. ముప్ఫై ఏళ్లు హజీరా ఫ్యాక్టరీలో ఇంజనీరుగా చేసిన నాన్నే ఆవిడ దర్భల్ని మాన్పించలేకపోయాడు, కూతురెంత!

సరే, డబ్బా తీసింది. మూత మీద రబ్బరు బ్యాండు కింద ఒక దర్భపోచ ఉంది. కూతురు మాట వినదని తెలిసి, తిన్నా దోషం అంటకుండా తల్లి చేసిన ఏర్పాటు. ఇందుజకు నవ్వొచ్చింది. దర్భ తీసి పక్కన పెట్టి మూత తిప్పబోయింది.

చెయ్యి అక్కడే ఆగిపోయింది.

ఇవాళ ఊళ్లో ఎన్ని ఇళ్లలో డబ్బాల మీద ఇలా దర్భలు, తులసాకులు వేసి ఉంటారు? ఎన్ని ఇళ్లలో పొయ్యి ఆర్పేసి కూర్చుని ఉంటారు? ఆ ఇళ్లలో తన మందు తాగే పిల్లలెందరు? రెండో మోతాదు వేసే వేళ ఎప్పుడు? సాయంత్రం నాలుగు. గడియారం చూసింది. నాలుగూ ముప్ఫై అయిదు.

ఆ మందు పాలతోనే వెళ్లాలి. ఖాళీ కడుపున పడితే ఒంట్లో చక్కెర జారిపోతుంది. పెద్దవాళ్లకైతే ఒళ్లు వణుకుతుంది, గుండె దడదడలాడుతుంది, వాళ్లే గోలపెడతారు. ఈ మందు ఆ వణుకునీ దడనీ కూడా కప్పేస్తుంది. బిడ్డ ఊరికే నిద్రలోకి జారుకుంటుంది. ఇంట్లోవాళ్లు హమ్మయ్య, ఏడుపు మానింది అనుకుంటారు. తర్వాత ఫిట్స్ రావచ్చు. ఆ తర్వాత లేపినా లేవకపోవచ్చు.

పాలతోనే ఇవ్వాలని కాగితంలో రాసి ఉంది. గుజరాతీలో ఉంది, హిందీలో ఉంది. కాగితంలో లేనిదేముంది! కానీ నోటితో తాను చెప్పిందేమిటి? వచ్చిన ప్రతిసారీ, ప్రతి తల్లికీ, వేలు చూపించి మరీ చెప్పింది: "ఒక్క పూట కూడా మానొద్దు." వరసగా మూడు పూటలు మానితే ఆ బిడ్డ వివరాలు ఆవిడ పరిశోధనలో పనికిరావు మరి. మందు వేసిన ప్రతిసారీ టిక్కు పెట్టమని కార్డులిచ్చింది. నిండిన కార్డు తెచ్చిన తల్లిని పదిమంది ముందు నిలబెట్టి మెచ్చుకుంది. బిడ్డల బాగు కోసమే అనుకుంది. తన లెక్కల కోసం కూడా అని ఇప్పుడు, నాలుగూ ముప్ఫై అయిదుకి, మొదటిసారి ఒప్పుకుంది.

"భాగీరథీబెన్! రిజిస్టర్ తీసుకురండి! పరుగెత్తండి!"

భాగీరథీబెన్ ఆ పరిశోధనలో నర్సు. యాభై ఏళ్ల మనిషి, పరుగెత్తమంటే మామూలుగా నవ్వుతుంది. డాక్టరమ్మ మొహం చూసి నవ్వలేదు. ఇద్దరూ రెండు ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు. దూధ్ పీవడావ్యుం? పాలు పట్టారా? ఎన్ని గంటలకి? మందు ముందా, పాలు ముందా? బిడ్డను ఒకసారి లేపి చూడండి. ఒకావిడ విసుక్కుంది. ఒకాయన హోలీ సామాన్లు కొంటున్నానని, పది నిమిషాల్లో చేస్తానని అన్నాడు. ఇప్పుడే ఇంటికి చేయమని ఇందుజ కేకలేసింది. వరాఛాలో ఒక బిడ్డకు మందు వేయబోతూ ఆగారట, ఆ తల్లి చేత ఫోన్లో ఉండగానే పాలు పట్టించింది. ఇరవై నిమిషాల్లో ముప్ఫై మంది పేర్ల పక్కన గీత పడింది.

ముప్ఫై ఒకటో పేరు తేజశ్రీ. నాలుగున్నర నెలల పాప. ఇల్లు గోడాదరా. తండ్రి పరుశురాం సిరిసిల్ల వైపు నుంచి వచ్చి సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే మనిషి. రిజిస్టర్లో ఉన్నది అతని నంబరొక్కటే. మోగుతోంది, ఎత్తడం లేదు. కార్ఖానాలో నూరు సాంచాలు ఒక్కసారి ఆడుతుంటే జేబులో ఫోన్ వినబడుతుందా? ఏడుసార్లు చేసింది.

ఆ పాపకు గడ్డ చెంప కింద మొదలై గడ్డం దాకా పాకింది. లోపల గొంతులో కూడా ఉంది. మొదటిసారి తెచ్చినప్పుడు ఊపిరి తీస్తుంటే ఈల వేసినట్టు చప్పుడొచ్చేది. మందు పడ్డాక ఆ చప్పుడు పోయింది. రెండోసారి వచ్చినప్పుడు తల్లి అలేఖ్య, ఇరవై రెండేళ్ల పిల్ల, అందరూ వెళ్లేదాకా ఆగి మెల్లగా అడిగింది.

"మేడమ్, కడుపుతోని ఉన్నప్పుడు గ్రహణంల నేను కిందికి దిగిన. ఆయనకు రాత్రి డ్యూటీ, టిఫిను ఇయ్యవోయిన. దానికే బిడ్డకు గిట్ల అయిందా? మా అత్తమ్మ రోజూ గదే అంటది."

ఇందుజ కంప్యూటర్లోంచి తలెత్తకుండా, "అదేం లేదమ్మా, రక్తనాళాలు ఎక్కువగా పెరిగాయి, అంతే," అని తర్వాతి బిడ్డను పిలిచింది. రెండు నిమిషాలు కూడా కూర్చోలేదు ఆ పిల్లతో. ఆ ఇంట్లో ఇవాళ గ్రహణం ఎలా నడుస్తుందో ఆవిడకు ఇప్పుడు కళ్లకు కట్టినట్టు కనబడింది.

"108కి చెప్పండి, ఆ అడ్రసుకి పంపమనండి. నేను వెళ్తున్నా," అని చక్కెర చూసే మీటరు సంచిలో పడేసుకుని కిందికి పరుగెత్తింది. గ్లూకోజు పై అంతస్తు వార్డులో ఉందనీ, అది తీసుకోవాలనీ తట్టింది కారు గేటు దాటాకే. భయం మనిషిని ఎంత వెర్రిదాన్ని చేస్తుందో చూడండి. వెనక్కి తిరిగితే పావుగంట. తిరగలేదు.

మర్నాడు ధూళేటి, రంగులు చల్లుకునే పండగ. రోడ్డుకి రెండు పక్కలా రంగులు, పిచికారీలు, ఖర్జూరం బళ్లు. పర్వత్ పాటియా దగ్గర బట్టల మూటలతో టెంపోలు అడ్డంగా నిలబడిపోయాయి. ఇందుజ హారన్ మీద చెయ్యి తీయలేదు. పాప చివరిసారి పాలెప్పుడు తాగి ఉంటుంది? మూడింటికా? అయితే ఫరవాలేదు. ఒంటిగంటకా? అమ్మో. దేవుడా, ఆ అలేఖ్య దొంగచాటుగా అయినా పాలిచ్చి ఉండాలి, అత్తగారి మాట ఈ ఒక్కసారి జవదాటి ఉండాలి అని మొక్కుకుంది. గ్రహణవేళ మొక్కితే ఫలితం ఎక్కువని వాళ్లమ్మ అంటుంది. ఆ మాట కూడా గుర్తొచ్చింది, దానికీ సిగ్గుపడలేదు.

ఇల్లు వెతికి రెండో అంతస్తు ఎక్కేసరికి అయిదూ నలభై. తలుపు మూసి ఉంది. కిటికీలకు దుప్పట్లు కట్టారు. దబదబా బాదింది.

"ఎవలు?" లోపల్నించి పెద్దావిడ గొంతు. పరుశురాం తల్లి సారక్క. "గ్రహణం ఇడిసినంక రాండ్రి."

"నేను డాక్టర్ ఇందుజని! తలుపు తియ్యండి! పాప ఎలా ఉంది?"

"పాపకేమైంది? మంచిగనే ఉన్నది. ఏడ్సి ఏడ్సి ఇప్పుడే జర కన్నంటుకున్నది. లేపకుండ్రి డాక్టరమ్మా."

ఆ మాట విని ఇందుజ తలుపు మళ్లీ బాదింది. ఈసారి గడియ తీసింది అలేఖ్య. గదిలో చీకటి. మూల చాప మీద పాప పడుకుని ఉంది. ఇందుజ చెప్పులు కూడా విప్పకుండా వెళ్లి చెంప మీద చెయ్యి వేసింది. చల్లటి చెమట. చెయ్యి ఎత్తి వదిలితే తడిగుడ్డలా కింద పడింది. అరికాలు గిల్లింది. పాప ఏడవలేదు, ముక్కు కొంచెం చిట్లించి మళ్లీ ఊరుకుంది.

"పాలెప్పుడు తాగింది?"

"పన్నెండింటికి మేడమ్. గదీ సగమే. రెండు దినాలసంది సర్ది అయింది, మంచిగ తాగుతలేదు. పండుకుని లేచేసరికి గ్రహణం వట్టింది." అలేఖ్య పాప పక్కన కూర్చుంది. "ఏమైంది మేడమ్?"

"మందు?"

"నాలుగింటికి ఏసిన. ఒక్క పూట గూడ ఇడువొద్దని మీరే చెప్పిండ్రు గద." గోడకు మేకుకి కట్టిన కార్డు తెచ్చి చూపించింది. నెల రోజుల టిక్కులు, ఒక్క గడి ఖాళీ లేదు. ఇవాళ్టి నాలుగు గంటల గడిలో కూడా టిక్కు ఉంది.

"మందుకు పట్టింపు లేదని నేనే చెప్పిన," అంది సారక్క కాస్త గర్వంగానే. "మందు మందే, తిండి తిండే. పాలు మాత్రం సుక్క ముట్టనియ్యలే."

అడకత్తెరలో పోకచెక్క అంటారే, ఆ పిల్ల పని అదే అయింది. అత్త మాట ఒకటి, డాక్టరు మాట ఒకటి. ఎవరి మాటా పోకుండా రెండూ నిలబెట్టింది. ఆ రెండింటి మధ్యా పడింది బిడ్డ.

ఇందుజ పాప మడమ మీద సూది గుచ్చి మీటర్లో చూసింది. ఇరవై తొమ్మిది. ఎంత తగ్గినా డెబ్బై ఉండాల్సింది. "చక్కెర తెండి," అంది. "చక్కెర! త్వరగా!"

సారక్క వంటింటి గుమ్మానికి చేతులడ్డం పెట్టింది. "ఆగుండ్రి డాక్టరమ్మా! ఇంకొక్క గంటనే. గంట ఆగుండ్రి, ఇడుస్తది. అప్పుడు గంపెడు పెట్టుండ్రి, నేనొద్దంటనా? ఒక్కపారి తప్పు జేస్తే బిడ్డ మొఖం మీద గిది వడ్డది. మల్ల జేస్తె పానమే పోతది. నీ కాల్మొక్కుత!"

ఆవిడ నిజంగానే వంగబోయింది. ఆవిడ కళ్లలో మొండితనం లేదు. భయం ఉంది. ఇందుజకున్న భయమే. ఇద్దరూ ఒక్క ప్రాణం కోసమే భయపడుతున్నారు, చెరో వైపు నిలబడి.

"పెద్దమ్మా," అంది ఇందుజ. ఆ తర్వాత అన్నది తొమ్మిదేళ్లలో ఏ ఇంటివాళ్లతోనూ అనని మాట. "గంట ఆగితే పాప ఉండదు."

అప్పుడు అలేఖ్య లేచింది. పొద్దుటి నుంచి ఆ పిల్ల కూడా ఏమీ తినలేదు, గోడ పట్టుకుని లేచింది. అత్త దగ్గరికి వెళ్లి, గుమ్మానికి అడ్డం పెట్టిన చేతిని రెండు చేతులతో పట్టి కిందికి దించింది. లోపలికి వెళ్లి, మూత మీది తులసాకులు కిందికి రాల్చి, చక్కెర డబ్బా తెచ్చింది.

ఇందుజ నాలుగు చుక్కల నీళ్లలో చక్కెర తడిపి, వేలితో పాప బుగ్గ లోపల రాసింది. మింగే శక్తి లేని బిడ్డకు గొంతులో పోస్తే ఊపిరాడదు. అందుకని వేలితోనే, కొంచెం కొంచెం. పాపను పక్కకు తిప్పి పట్టుకుంది అలేఖ్య. రెండు నిమిషాలు. మూడు. మళ్లీ రాసింది. అయిదు. సారక్క గోడ మూలకు వెళ్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏదో జపిస్తోంది. పాప పెదవులు ఆడాయి. బుగ్గలోని తీపిని నాలుక వెతుక్కుంది. ఆ తర్వాత పిల్లికూన మూలిగినట్టు ఒక చప్పుడు చేసింది.

"ఏడువ్ బిడ్డా," అంది అలేఖ్య. "ఏడువ్ నా తల్లీ, గట్టిగ ఏడువ్."

మెట్ల మీద 108 వాళ్ల అడుగులు వినబడేసరికి పాప ఏడుస్తోంది. అంబులెన్సులో గ్లూకోజు పెట్టారు. మీటరు నలభై నాలుగు చూపించింది, తర్వాత అరవై ఎనిమిది. ఇందుజ ఆ అంకెను మూడుసార్లు చూసుకుంది. ఎదురుగా సారక్క కూర్చుంది. గ్రహణం పట్టి ఉండగా ఆవిడ గడప దాటడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలట. కొంగుతో తల కప్పుకుని, పాప పాదాల్ని రెండు చేతుల్లో మూసి పట్టుకుని, ఆసుపత్రి దాకా వదల్లేదు.

పరుశురాం ఏడింటికి వచ్చాడు, జుట్టు నిండా దూదిపింజెలతో. భాగీరథీబెన్ చేసినవి కూడా కలిపి పంతొమ్మిది మిస్డ్ కాల్స్ చూసి కార్ఖానా నుంచి పరుగెత్తాడట. "సాంచల సప్పుడుకు ఇనబడలే మేడమ్," అని ఆ ఒక్క మాటే నాలుగుసార్లు చెప్పాడు.

మర్నాడు పొద్దున, ధూళేటి రంగుల గోల కిటికీ బయట మొదలయ్యేవేళకి, ఇందుజ వార్డుకి వచ్చింది. రాత్రంతా పాప చక్కెర నిలకడగానే ఉంది. ఎనిమిదింటికి సగం మోతాదుతో మందు మళ్లీ మొదలుపెట్టాలి. సిరంజిలో కొలిచి అలేఖ్యకు అందించబోయింది.

అలేఖ్య చేతులు వెనక్కి పెట్టుకుంది. "నేనియ్య మేడమ్."

"అలేఖ్యా, మందు ఆపితే గొంతులో గడ్డ మళ్లీ పెరుగుతుంది. ఆ ఈల చప్పుడు గుర్తుందా?"

"ఉన్నది. గుర్తులేకేంది? అయినా నేనియ్య. నిన్న నేనే ఏసిన. నా చేత్తోనే ఏసిన. మీరు చెప్పినట్టే జేసిన, అత్తమ్మ చెప్పినట్టే జేసిన. నా బిడ్డ సచ్చిపోతుండె."

ఇందుజ మంచం అంచున కూర్చుంది. ఇలాంటప్పుడు చెప్పే మాటలు ఆవిడ దగ్గర చాలా ఉన్నాయి. మందు వెయ్యిమందిలో ఒకరికో ఇద్దరికో ఇలా చేస్తుంది, కాగితంలో రాసే ఉంది, ఇలాంటివి. అవన్నీ పక్కన పెట్టింది.

"నీ తప్పు కాదు. తప్పు నాది," అంది. "మానొద్దని వందసార్లు చెప్పాను. పాలు తాగకపోతే ఇవ్వొద్దని ఒక్కసారి కూడా నీ మొహం చూసి చెప్పలేదు. పాలు తాగకపోతే ఆ పూట మందు మానెయ్యాలి. టిక్కు లేకపోయినా ఫరవాలేదు."

కింద చాప మీద కూర్చున్న సారక్క తలెత్తింది. డాక్టరు అంతటి మనిషి తప్పు నాది అనడం ఆవిడ ఎక్కడా విని ఉండదు. అడిగింది.

"మరి మొఖం మీద గా మచ్చ? గ్రహణంది గాదా?"

"కాదు పెద్దమ్మా."

"మరి దేనికొచ్చింది?"

"తెలియదు. తొమ్మిదేళ్లుగా అదే వెతుకుతున్నాను, ఇంకా దొరకలేదు. ఈ పిల్ల మొగుడికి టిఫిన్ ఇవ్వడానికి కిందికి దిగడం వల్ల మాత్రం కాదు. అది నాకు ఖాయంగా తెలుసు."

సారక్క కోడలి వైపు చూసింది. లేచి, రాత్రి నుంచి బల్ల మీద అలాగే ఉన్న పళ్లెం తెచ్చి, రొట్టె తుంచి కోడలి చేతిలో పెట్టింది. అలేఖ్య తినలేదు, చేతిలో పట్టుకుని కూర్చుంది.

"మీరే ఇయ్యుండ్రి మందు," అంది చివరికి. "మీరిస్తే నేను సూస్త."

ఇందుజ పాపను ఒళ్లోకి తీసుకుంది. తొమ్మిదేళ్లలో ఎంతమంది తల్లుల చేతికి ఈ సిరంజి ఇచ్చిందో లెక్కలేదు. వార్డులో అయితే నర్సులు వేసేవాళ్లు. తన చేత్తో ఒక బిడ్డ నోట్లో ఈ మందు వేయడం ఇదే మొదలు. సిరంజి నిండా కూడా లేదు, అడుగున కొంచెం తెల్లటి ద్రవం. నిన్న ఈ పాప చెయ్యి ఎత్తి వదిలితే పడిన తీరు కళ్ల ముందు ఆడింది. ఇంత భయాన్ని రోజుకి రెండుసార్లు ఈ ఆడవాళ్ల చేతుల్లో పెట్టి ఇంటికి పంపుతున్నానా అనుకుంది. ఇంకొక్క నిమిషం ఆలోచిస్తే ఇవ్వలేనని తెలిసిపోయింది. ఇచ్చేస్తే అయిపోతుంది. సిరంజి మొన పాప పెదవుల దగ్గర పెట్టింది.

అలేఖ్య చప్పున ఆవిడ మణికట్టు పట్టుకుంది.

"ఆగుండ్రి మేడమ్! పాలు తాగలే."

"ఆరింటికి తాగిందని నర్సు రాసింది కదా?"

"మూడు గుక్కలు తాగి పండుకున్నది. గది లెక్క గాదు."

ఇందుజ సిరంజి వెనక్కి తీసుకుంది. అలేఖ్య పాపను అందుకుని, కొంగు కప్పుకుని, గోడవైపు తిరిగి కూర్చుంది. పాప చప్పరింపు వినబడుతోంది, మధ్యలో ఆగుతోంది, మళ్లీ మొదలవుతోంది. ఎనిమిదీ పది అయింది. ఎనిమిదింపావు అయింది. ఇందుజ చేతిలో సిరంజి పట్టుకుని పక్కన నిలబడే ఉంది, పిలుపు కోసం ఎదురుచూసే నర్సులాగా.

అలేఖ్య పాప పొట్ట మీద చెయ్యి వేసి చూసుకుంది. రెండోసారి కూడా చూసుకుంది. అప్పుడు తలెత్తింది.

"ఇగ ఇయ్యుండ్రి," అంది.